ఎంబాలియా బొగ్గు గది

గినీ తీరంలోని మా కాంబాయా కూడలిలో ఎంబాలియా కొందేకంటే పిరికి మనిషి లేదని అందరికీ తెలుసు. ఆ మాట ఆమె కూడా ఒప్పుకునేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. ఖనిజం లారీ టైరు పేలితే గరిటె వదిలేసి గోడకు అతుక్కుపోయేది. యూనిఫాం వేసుకున్నవాడెవడైనా అన్నానికి వస్తే తల ఎత్తకుండా వడ్డించి, వాడు మూతి తుడుచుకుని వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి ఉండేది.

"ఎంబాలియక్కా, నీ కోడిపుంజు కూడా నీకంటే ధైర్యంగా అరుస్తుంది" అని టాక్సీ డ్రైవర్లు ఏడిపించేవాళ్ళు.

"దానికేం తెలుసురా? నా అంత వయసు దాకా దాన్ని ఎవడు బతకనిస్తాడు?" అనేది.

ఆమె కొట్టు టాక్సీ స్టాండు వెనక, నా కుట్టుమిషను పక్కన. రేకుల పంచ, రెండు బల్లలు, బొగ్గుల పొయ్యిలు, వెనకాల బియ్యం మూటలూ బొగ్గు బస్తాలూ పెట్టుకునే కిటికీ లేని గది. పొద్దున్నే చిలగడదుంప ఆకు దంచి, పామాయిల్లో పొగచేప వేసి ఉడికించేది. రాజధాని కొనాక్రీ నుంచి రేవుకు పోయే బండ్లు ఆ వాసనకే ఆగేవని డ్రైవర్లు అనేవాళ్ళు. నేను దర్జీని. మధ్యాహ్నం అన్నం అక్కడే తినేవాణ్ణి. ఆమె నన్ను తమ్ముడూ అనేది.

భయం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది, ముక్కూ చెవులూ వచ్చినట్టే. ఆయన లోపలి కురూసా వైపు నుంచి వచ్చిన మాలింకే తెగ మనిషి. ఖనిజం రైలుకు పట్టాలు వేసే కూలీగా ఈ తీరానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పాత ప్రభుత్వం రోజుల్లో, పరాయి దేశపు రేడియో వింటున్నాడని ఎవరో చెబితే, ఒక మధ్యాహ్నం ఆయన్ని అన్నం ముందు నుంచి లేపి తీసుకుపోయారు. ఏడాది తర్వాత వదిలేశారు. వచ్చాక ఆయన ఇంట్లో ఎప్పుడూ తలుపుకు వీపు పెట్టి కూర్చోలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. పిల్ల ఎంబాలియా కూడా అలాగే కూర్చోవడం నేర్చుకుంది. పెద్దయ్యాక పెళ్ళి చేసుకుంది. మొగుడు బంగారం తవ్వుకొస్తానని సిగిరి వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "పోనీలే, రాత్రిళ్ళు తలుపు కొట్టేవాడు ఒకడు తగ్గాడు" అని నవ్వేసింది.

మా ఊరి మట్టి ఎరుపు. ఆ మట్టిలోనే బాక్సైటు ఉంది. అది రైళ్ళకెక్కి రేవుకు, రేవు నుంచి ఓడల్లో ఎక్కడికో పోతుంది. మాకు దుమ్ము మిగులుతుంది. ఆరేసిన గుడ్డ సాయంత్రానికి ఎర్రబడుతుంది, దగ్గితే కఫం ఎర్రబడుతుంది. బాక్సైటు తవ్వే కంపెనీ కాలనీకి పోయే కరెంటు తీగలు మా రేకుల మీదుగానే పోతాయి గాని మా ఇళ్ళలో దిగవు. ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ వాడూ వచ్చి ఆ తీగల వంకే చూపించి ఓట్లు అడుగుతాడు.

ఒక ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో, చీకటి రోడ్డు మీద కంపెనీ ఖనిజం లారీ ఒకటి అల్సేనీ అనే మోటారుసైకిలు టాక్సీ కుర్రాణ్ణి తొక్కేసి ఆగకుండా పోయింది. అందరికీ తెలిసిన కుర్రాడు. తెల్లారేసరికి కూడలి నాలుగు వైపులా దుంగలు అడ్డం పడ్డాయి. టైర్లు తగలబడ్డాయి. కొనాక్రీ రేడియో మాత్రం దేశమంతా ప్రశాంతంగా ఉందని చెప్పింది.

ఎంబాలియా ఆ రోజు కొట్టు తెరవకూడదనుకుంది. కాని చేప నానబెట్టేసింది. పారెయ్యడానికి మనసొప్పక వచ్చింది. నాకు పెళ్ళి బట్టలు ఇవ్వాల్సి ఉండి నేనూ వచ్చాను. బయట పొగ దట్టమయ్యాక మిషను మీద గుడ్డ కప్పి ఆమె పంచలోకి చేరాను.

అప్పుడే వెనక సందులోంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, మెడలో తాడుకు వేలాడుతున్న కంపెనీ కార్డు, చేతిలో చిన్న సంచీ. అతనికి మా సూసూ భాష రాదు. నేను కొంతకాలం పొరుగు దేశంలో, అబిజాన్‌లో కుట్టుపని చేసినవాణ్ణి కాబట్టి ఫ్రెంచిలో మాట్లాడాను.

పేరు ఎదెం అన్నాడు. తోగో దేశం. రేవులో మిషన్లు బాగుచెయ్యడానికి కంపెనీ పిలిపిస్తే వచ్చాడు. కొనాక్రీ నుంచి షేరు టాక్సీలో వస్తుంటే డ్రైవరు పొగ చూసి, జనాన్ని సందులో దించేసి, వెనక్కి తిప్పుకుని పోయాడు. పాస్‌పోర్టు ఉన్న పెట్టె టాప్ మీదే ఉండిపోయింది.

"కంపెనీ కారు కూడలికి వస్తుందన్నారు. అక్కడికి ఎలా వెళ్ళాలి?" అని అడిగాడు.

కంపెనీ కారు కూడలిలోనే ఉంది. నేను చూశాను. దాని అద్దాలు పగిలి, సీట్లు మండుతున్నాయి. డ్రైవరు గోడ దూకి పారిపోయాడు. ఆ సంగతి ఎంబాలియాకు మా భాషలో చెప్పాను.

ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. "పంపించెయ్ తమ్ముడూ. నీ కాళ్ళు పట్టుకుంటాను, పంపించెయ్. ఎక్కడికైనా పోనీ. నా కొట్టులో మాత్రం వద్దు."

"ఎక్కడికి పంపను అక్కా? ఏ సందులోకి వెళ్ళినా వాళ్ళే ఉన్నారు."

"నాకేం తెలుసు! నాకు భయంగా ఉంది!"

సందు చివర కేకలు వినబడ్డాయి. తెల్ల చొక్కా ఇటే పోయిందని ఎవడో అరుస్తున్నాడు. నేను ఆమె మొహం చూశాను. బూడిదలా పాలిపోయి ఉంది. ఆ మొహంతోనే అతని చొక్కా చేతిని పట్టుకుని, బరబరా లాగి, బొగ్గు గదిలోకి తోసింది. ఎందుకలా చేసిందో తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయింది. "కాళ్ళు చేతులు వాటంతటవే చేశాయి తమ్ముడూ" అనేది.

తోసే ముందు అతని మెడలోంచి కార్డు తెంపి పొయ్యిలో పడేసింది. అతను కెవ్వుమన్నాడు.

"ఇది నీ మెడలో ఉంటే నీకు మెడే ఉండదు. ఆ మాట వాడికి చెప్పు" అంది నాతో. చెప్పాను. అతను బస్తాల వెనక్కి నక్కాడు.

గుంపుకు ముందు ఫాసినే ఉన్నాడు. పాతికేళ్ళవాడు, అల్సేనీతో కలిసి బండి నడిపేవాడు. ఇద్దరూ రోజూ ఈ బల్ల మీదే ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. అల్సేనీ హెల్మెట్టు వాడి మోచేతికి తగిలించుకుని ఉంది. కళ్ళు పొగకో ఏడుపుకో వాచిపోయాయి.

"అమ్మా, తెల్ల చొక్కావాడొకడు ఇటొచ్చాడు."

"ఎవరూ రాలేదు నాన్నా."

"ఏదో కాలిన వాసన?"

"ప్లాస్టిక్ మూత పొయ్యిలో పడింది."

వెనకనుంచి ఒకడు కర్ర ఊపాడు. "ముసల్ది అబద్ధమాడుతోంది. ఆ చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో!"

"అవి రోజూ వణుకుతాయిలే" అన్నాడు ఫాసినే. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫాసినే నా వైపు తిరిగాడు. "దర్జీ బాబాయ్, నువ్వు చూశావా?"

తల అడ్డంగా ఊపాను. 

వాడు గది తలుపు వైపు నడిచాడు. ఎంబాలియా అడ్డం వెళ్ళింది. "అన్నం తిని వెళ్ళు ఫాసినే. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు నువ్వు."

"అల్సేనీని మట్టిలో పెట్టేదాకా నాకు ముద్ద దిగదమ్మా" అంటూ ఆమెను భుజం పట్టి పక్కకు జరిపి తలుపు తీశాడు.

నేను కూర్చున్న చోటునుంచి గది లోపలి మూల కనబడుతోంది. ఎదెం రెండు చేతులూ తలమీద పెట్టుకుని, మోకాళ్ళ మధ్య మొహం దాచుకుని ఉన్నాడు. ఫాసినే అతన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.  తర్వాత వాడు తలుపు వేసి గుంపు వైపు తిరిగాడు.

"బొగ్గు. బొగ్గు తప్ప ఏం లేదు. పదండి, రైలు స్టేషన్ వైపు చూద్దాం."

అందరూ కదిలాక నీళ్ళు తాగే మిషతో వెనక్కి వచ్చాడు. "వాణ్ణి చంపితే అల్సేనీ లేచొస్తాడా అమ్మా? రాడు. కాని వీళ్ళు నా మాట ఎంతసేపు వింటారో నాకే తెలీదు. వాణ్ణి బయటికి రానీకు."

మధ్యాహ్నం దాటాక జాందార్ముల, అంటే మా తుపాకీ పోలీసుల, బండ్లు వచ్చాయి. ముందు గ్యాసు గుండ్లు, తర్వాత తుపాకీ మోతలు. గ్యాసు సందుల్లోకి పాకి మా కళ్ళూ గొంతూ మండించింది. ఎంబాలియా తడిగుడ్డ మొహానికి కట్టుకుని, గోడకు వీపు ఆనించి, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఇళ్ళలోకి చొరబడుతున్నారని, మగపిల్లలందర్నీ ఈడ్చుకుపోతున్నారని సందు ఆడవాళ్ళు అరుస్తూ పరుగెత్తారు. ఎక్కడో గిన్నెలు పగులుతున్నాయి. ఎవడో కుర్రాడు అమ్మా అమ్మా అంటున్నాడు. కాసేపటికి ఆ గొంతు ఆగిపోయింది.

వెనక గోడ మీంచి ఫాసినే మా పెరట్లో దబ్బున పడ్డాడు. గ్యాసు గుండు తగిలి భుజం వాచింది. చేతులు మోచేతుల దాకా టైర్ల మసి.

"ఇక్కడికెందుకొచ్చావురా!" ఎంబాలియా గొంతు కీచుమంది. "ఊళ్ళో ఇంకో ఇల్లు లేదా నీకు? నా చావు కోరి వచ్చావా? పో! పో ఇక్కణ్ణుంచి!" అలా అంటూనే గది తలుపు తీసి పట్టుకుంది.

లోపల ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పొద్దున వెతికినవాడు, పొద్దున దాక్కున్నవాడు. మాట్లాడుకుందామన్నా ఇద్దరికీ కలిసే భాష లేదు.

బూట్ల చప్పుడు పక్కింటి దాకా వచ్చింది. ఎంబాలియా ఫాసినే చేతులు చూసింది. ఒక బస్తా మూతి విప్పి బొగ్గంతా నేలమీద కుమ్మరించింది.

"ఎత్తండి. ఇద్దరూ. చేతుల్తో ఎత్తి మళ్ళీ బస్తాలో పోయండి. తమ్ముడూ, నువ్వు మూతి పట్టుకో. ఆ తోగోవాడికి చెప్పు, చొక్కాకి రాసుకోమను, మొహానికి రాసుకోమను."

చెప్పాను. అతను పిచ్చివాడిలా బొగ్గు రాసుకున్నాడు. తెల్ల చొక్కా రంగు తెలియకుండా పోయింది. నేను బస్తా మూతి తెరిచి పట్టుకున్నాను.

పంచలో బల్ల తన్నిన చప్పుడు. చేపల గిన్నె దొర్లింది. తర్వాత గుమ్మం చీకటైంది. ముందు నిలబడ్డది పెద్ద అధికారి, అడ్జుటెంటు. నెరిసిన గడ్డం, దుమ్ముకొట్టిన మొహం. వెనక ఇద్దరు కుర్ర జవాన్లు.

"ఎవరు వీళ్ళు?"

ఎంబాలియా పెదాలు కదిలాయి. మాట రాలేదు.

ఒక జవాను ఫాసినే మణికట్టు పట్టి పైకెత్తాడు. "టైర్ల మసి సార్, చూడండి."

"బొగ్గండీ" అన్నాను నేను. వాడు నన్ను తుపాకీ మడమతో పక్కకు నెట్టాడు. బియ్యం మూట మీద పడ్డాను.

అంతలో ఎదెం ఓర్చుకోలేక ఫ్రెంచిలో నోరు తెరిచాడు. "అయ్యా, నేను కంపెనీ మనిషిని..."

ఆ యాస వినగానే అడ్జుటెంటు తల తిప్పాడు. "నువ్వెక్కడివాడివి?"

"తోగో."

"కాగితాలు?"

ఎదెం నా వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. కాగితాలు లేవు.

"తోగో నుంచి మా ఊరికి బొగ్గెత్తడానికి వచ్చావా? కంపెనీ మనిషివా, బొగ్గుమనిషివా? ఏ పార్టీ వాడు నిన్ను డబ్బిచ్చి దింపాడు?" తుపాకీ గొట్టం ఎదెం రొమ్ముకు ఆనింది. అతను మోకాళ్ళ మీద కూలిపోయి వాళ్ళ దేశపు భాషలో ఏదో గొణగసాగాడు. ప్రార్థన అయ్యుంటుంది.

"అడ్జుటెంట్ త్రావొరే, ఇద్దర్నీ బండెక్కించమంటారా?" అన్నాడు జవాను.

అప్పుడు ఎంబాలియాకు గొంతు వచ్చింది. సూసూలో కాదు, వాళ్ళ నాన్న మాలింకేలో.

"త్రావొరేనా? నువ్వు త్రావొరేవా? ఓరి అలసందలు మెక్కేవాడా! మా తాత పొలంలో కలుపు తీసిన బానిసవి, నీకు తుపాకీ ఎవడిచ్చాడురా? నా బొగ్గువాళ్ళని పట్టుకుపోతే ఈ బస్తాలు ఎవడెత్తుతాడు, నువ్వెత్తుతావా?"

మాలింకేల్లో కొందేలకూ త్రావొరేలకూ తాతముత్తాతల నాటి ఎగతాళి చుట్టరికం ఉంది. ఎదురుపడితే ఒకర్నొకరు బానిస అనాలి, తిండిపోతు అనాలి. అనిపించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. పెళ్ళి పందిట్లో, సంతలో, చావింట్లో కూడా ఆ మాటలు విన్నాను. తుపాకీ ముందు మాత్రం ఎప్పుడూ వినలేదు. అంటున్న మనిషి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. నవ్వాల్సిన చోట మొహం వంకర పోతోంది.

అడ్జుటెంటు మొహంలో ఏ మార్పూ లేదు. మేమందరం చచ్చామనే అనుకున్నాను.

"నీ ఇంటిపేరు?"

"కొందే. కురూసా కొందే."

"కొందేలు ఇంత దూరం ఎలా వచ్చారు? ఏం దొంగిలించి పారిపోయొచ్చారు?"

"మా నాన్న ఇక్కడ రైలు పట్టాలు వేశాడు. మీ నాన్న వాటి మీద అలసందలు ఆరబెట్టుకున్నాడు."

వెనక జవాను ఫక్కుమన్నాడు. అడ్జుటెంటు ముక్కులోంచి ఒక్కసారి గాలి వదిలాడు. అది నవ్వో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. గొట్టం మాత్రం ఎదెం రొమ్ము మీంచి కొంచెం కిందికి దిగింది.

"వీళ్ళిద్దరూ బొగ్గువాళ్ళేనంటావు."

"అంటాను. ఆ తోగోవాడు పని వెతుక్కుంటూ వచ్చాడు, నేనే పెట్టుకున్నాను. కంపెనీ అంటే భయపడి వదిలేస్తావని ఆ కోతలు కోశాడు."

"కొందే మాట నమ్మి బాగుపడ్డ త్రావొరే ఉన్నాడా ఎక్కడైనా?"

ఆమె రెండు అరచేతులూ చాపి నిలబడింది. అవీ నల్లగానే ఉన్నాయి. అతను వాటి వంక చూశాడు. ఉన్నట్టుండి ఫాసినేను చెంప మీద కొట్టాడు. వాడు గోడకు తగిలి పడ్డాడు.

"ఇది ఆ మసికి. ఏ మసి అని అడగను." తర్వాత అన్నం గిన్నె వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "బానిసలకు తిండి పెట్టాలి కదా యజమానురాలా. ఎత్తండిరా దాన్ని, మన బండిలో పెట్టండి. పొద్దుటిదాకా ఈ గడప ఎవడైనా దాటితే ఈ చుట్టరికం నాకు గుర్తుండదు."

బూట్లు దూరమయ్యాయి.  ఎంబాలియా నిలబడ్డ చోటే జారి కూర్చుంది. ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ తడిసిపోయింది.

"అటు తిరుగు తమ్ముడూ" అంది నెమ్మదిగా. నేను గోడ వైపు తిరిగాను. ఫాసినే తన చొక్కా విప్పి, చూడకుండా చెయ్యి వెనక్కి చాచి, ఆమెకు అందించాడు.

ఆ ఎగతాళి ఇద్దర్నే కాపాడింది. అదే అడ్జుటెంటు, అదే సందులో, మా తర్వాత ఇంట్లోంచి మఖిస్సా అనే ఆవిడ కొడుకును జుట్టు పట్టి ఈడ్పించాడు. వాడు కూడలికి వెళ్ళనే లేదు, జ్వరంతో పడుకుని ఉన్నాడు. సాయంత్రం మఖిస్సా వచ్చి ఎంబాలియా ఎదురుగా నిలబడింది.

"నీకు నోరుందిగా. నీవాళ్ళని విడిపించుకున్నావుగా. నా ఇల్లు ఎంత దూరం ఎంబాలియా? నాలుగడుగులు వచ్చి ఆ మాటే మళ్ళీ అనలేకపోయావా?"

ఎంబాలియా ఏం చెబుతుంది? కాళ్ళు లేవలేదని చెప్పింది. అది నిజం. మఖిస్సా ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆమె కొడుకు వర్షాలు మొదలయ్యాక జైలునుంచి వచ్చాడు. ఒక చెవికి వినికిడి పూర్తిగా పోయింది. ఇప్పటికీ ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ మాటల్లేవు.

ఎదెం కొన్నాళ్ళు ఆ గదిలోనే ఉన్నాడు. ఫాసినే అతనికి నీళ్ళు తెచ్చేవాడు. ఇద్దరూ చేతి సైగలతో చెక్కర్స్ ఆడేవాళ్ళు, సీసా మూతల్తో. దారులు తెరుచుకున్నాక నేను కుట్టిన పొడుగు అంగీ వేయించి, ఎండుచేపలమ్మే ఆడవాళ్ళ లారీలో బస్తాల మధ్య కూర్చోబెట్టి కొనాక్రీ పంపించాం. దారిలో ఎక్కడైనా ఆపితే నోరు తెరవొద్దని, మూగవాడిలా ఉండమని చెప్పాం. మళ్ళీ గినీ రాలేదు. తోగోలోని లోమె చేరాక ఫోను చేశాడు. బాగున్నానని చెప్పడానికి చేసిన ఆ ఫోనుకే ఎంబాలియా ఉలిక్కిపడి, నాచేత ఎత్తించింది.

ఫాసినే ఇప్పటికీ బండి నడుపుతున్నాడు. కంపెనీ వాళ్ళు తమ మనుషుల్ని తుపాకుల కాపలాతో, వరసగా కార్లలో తిప్పుతున్నారు. మామూలు జనం మాత్రం పాత టాక్సీల్లో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, ముందు మలుపులో ఏముందో తెలియకుండానే పోతున్నారు. గొడవ తర్వాత ప్రభుత్వం ఒక పెద్ద జనరేటరు పంపింది. కొన్నాళ్ళు రాత్రిళ్ళు దీపాలు వెలిగాయి. తర్వాత డీజిలు రావడం మానేసింది.

ఎంబాలియాకు ధైర్యం వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి. భయం ఇంకా ముదిరింది. స్టాండులో కొత్త మొహాలు ఎక్కువైనా, పెట్రోలు సీసాల్లో అమ్ముడైనా, జాందార్ముల బండి ఒకటికి రెండుసార్లు తిరిగినా, ఆమె అందరికంటే ముందే పసిగడుతుంది. అందుకని ఇప్పుడు డ్రైవర్లు కొనాక్రీలో బయల్దేరేముందు నాకు ఫోను చేస్తారు. రోడ్డు సంగతి అడగరు.

"దర్జీ బాబాయ్, ఎంబాలియక్క ఈ రోజు పొయ్యి వెలిగించిందా?" అని అడుగుతారు.

వెలిగించిందంటే జనాన్ని ఎక్కించుకుంటారు. మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి. ఈ వారంలో నేను రెండుసార్లు లేదని చెప్పాల్సొచ్చింది.